టైరు లోపలి అంచు

చెల్లెలి భర్త అమ్ముతానన్న పెద్ద కారును చూసుకోవడానికి అన్న వచ్చాడు. వస్తూనే ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

“బావా, ఎక్కి స్టీరింగ్ పూర్తిగా తిప్పు.”

“ఎందుకు బావగారూ? టైర్లు నిగనిగలాడుతున్నాయి కదా!”

“అదే నా అనుమానం. ఆ మెరుపంతా బయటివైపే. తిప్పవయ్యా.”

“తిప్పాను. దొంగసొత్తు వెతుకుతున్నట్టు ఏంటా చూపు?”

“దిగొచ్చి చూడు. లోపలి అంచు అరిగిపోయి ఇనుప తీగలు బయటపడ్డాయి, ఏ క్షణమైనా పేలిపోవచ్చు. తెలిసే నాకు అంటగడుతున్నావా?”

“దేవుడి మీద ఒట్టు, తెలీదు! ప్రతి ఆదివారం నేనే తుడుస్తాను. లోపలికి ఎప్పుడూ తొంగి చూడలేదు.”

“నిన్న మీ ఊరి నుంచి ఇంత దూరం దీంట్లోనే వచ్చారా?”

“అవును. మీ చెల్లెలూ పిల్లలూ దారంతా నిద్రపోయారు.”

“అబద్ధమాడావని తేలుంటే నాలుగు తిట్టి వెళ్లిపోయేవాణ్ణి బావా. ఇప్పుడు లేచి నిలబడలేకపోతున్నాను. చెయ్యందించు.”