తాలు మిరపకాయలూ, సోదర న్యాయవాదులూ

"అమ్మమ్మా, నిన్ను బార్ అసోసియేషన్‌లోంచి తీసేశారంట కదా ఒకసారి? కోర్టులో ఎవరో అన్నారు."

ఎవరే ఆ అన్నది? తీసెయ్యలేదే! తీసెయ్యాలని మీటింగు పెట్టారు, పకోడీలు తిని ఇళ్ళకు పోయారు. రెంటికీ తేడా లేదా? నల్లకోటు వేసుకున్నావు, ఆ మాత్రం తెలియకపోతే ఎట్టా? ఆ ఫోను దగ్గరగా పెట్టు, రికార్డు చేస్తానన్నావుగా.

ఏ సంవత్సరమో గుర్తులేదు గానీ మీ అమ్మ టెన్తు చదువుతోంది. కాదు కాదు, ఇంటరు. ఇంటర్ ఫస్టియర్, రికార్డులు నా చేత రాయించుకునేది. మా కోర్టుకి నేనొక్కదాన్నే ఆడ లాయర్ని. అసోసియేషన్ హాలంటే నువ్వు చూస్తున్న ఏసీ గది కాదు. రేకుల షెడ్డు, నాలుగు ఫ్యాన్లు, అందులో రెండు తిరిగేవి, ఒక క్యారమ్స్ బోర్డు, ఒక బీరువా నిండా లా పుస్తకాలు. ఆ పుస్తకాల్ని మావాళ్ళకంటే చెదపురుగులే ఎక్కువ చదివాయి. టీ అప్పుడు రూపాయో, రూపాయిన్నరో.

నన్ను లోపలికి రావద్దని ఎవరూ అనలేదు. కానీ నేను అడుగుపెడితే చాలు, అందరూ గభాలున కాళ్ళు కిందికి దించి, గుండీలు పెట్టుకుని, చావింట్లో కూర్చున్నట్టు కూర్చునేవాళ్ళు. ఎందుకొచ్చిన గోలని నేను వరండాలో టైపిస్టు పక్కన కూర్చునేదాన్ని.

అట్టాగని చెడ్డోళ్ళు కాదే. మీ తాతయ్యకి ఆపరేషన్ అయినప్పుడు గుంటూరు ఆసుపత్రికి వ్యాను మాట్లాడుకుని వచ్చి రక్తం ఇచ్చింది ఈ పనికిమాలినోళ్ళే. అందరికంటే ముందు చెయ్యి చాపింది సాంబశివరావు గారు. ఈ కథంతా ఆయనతోనే.

సాంబశివరావు గారు సీనియరు. మంచి గొంతు, మంచి ఇంగ్లీషు, బద్ధకం మాత్రం ఇంతని చెప్పలేను. ఆయన క్లయింటు నాగయ్య అని పర్చూరు వైపు రైతు. విత్తనాల కొట్టువాడు నకిలీ మిరప విత్తనం అంటగడితే ఎకరన్నర చేను తాలు కాయ కాసింది. తాలు తెలుసుగా, తెల్లగా పాలిపోయిన కాయ, మిర్చి యార్డులో ఎవడూ ముట్టుకోడు. నాగయ్య కొట్టు మీద కేసు వేశాడు. సాక్ష్యం అడుగుతారేమోనని వాయిదాకల్లా ఆ తాలు కాయల గోతాం బస్సుమీద వేసుకుని వచ్చేవాడు పాపం. వచ్చినప్పుడల్లా సాంబశివరావు గారు, "ఈసారికి వాయిదా పడింది నాగయ్యా" అనేవాడు. మూడేళ్ళు, తల్లీ!

ఒకరోజు ఎవరో గుమాస్తా నోరు జారాడు. "నీ కేసు కొట్టేసి ఏడు నెలలైందిగా" అన్నాడు. పిలిచినప్పుడు లాయరు పలకలేదని జడ్జి కొట్టేశాడు. నాగయ్య గోతాం భుజానేసుకుని సరాసరి మా హాల్లోకి వచ్చి, క్యారమ్స్ బోర్డు మీద, సరిగ్గా తిరిగే ఫ్యాను కింద, మొత్తం గుమ్మరించి, "ఇదిగోండి మీ సాక్ష్యం" అన్నాడు.

నేను మున్సిఫ్ కోర్టులో ఉన్నా. ముందు తుమ్ములు వినపడ్డాయి. ఒకటి కాదు, ముప్పై మంది ఒకేసారి. జడ్జిగారు పెన్ను ఆపి కిటికీలోంచి చూశారు. కళ్ళు నలుపుకుంటూ ప్లీడర్లందరూ గుంపుగా బయటపడుతున్నారు. ఆ తోపులాటలో సాంబశివరావు గారి గౌను తలుపు గడియకి తగులుకుని, ఆయన మెట్ల మీద పడ్డాడు, కుడి మణికట్టు విరిగింది.

ఇంకేముంది! లాయరు మీద దాడి అన్నారు. పోలీసులు నాగయ్యని సబ్‌జైలుకి పంపారు. మావాళ్ళు మూడు రోజులు కోర్టు బహిష్కరించారు, షామియానా వేశారు. తీర్మానం కూడా చేశారు, "మన సోదర న్యాయవాదులెవ్వరూ ముద్దాయి తరఫున వకాల్తా వేయరాదు" అని.

వాళ్ళావిడ అంజమ్మ కోర్టు వీధిలో ప్రతి గుమ్మం ఎక్కింది. అందరూ తీర్మానం మాటే చెప్పి పంపారు. చివరికి మన ఇంటికొచ్చింది. "కల్లంలో కాయ ఉందమ్మగారూ, మబ్బు పట్టింది, పట్టాలు కప్పటానికి ఒక్కదాన్నే ఉన్నా. ఈ ఏడు మంచి కాయ కాసింది" అంది. ఏడవలేదు. ఏడిస్తే ఏదో ఓదార్చి పంపేదాన్నేమో.

మీ తాతయ్య లోపలికి పిలిచి, "ఆయన రక్తం నా ఒంట్లో ఉందే" అన్నారు. "అయితే మీరు ఆయన తరఫున ఉండండి, నేను నాగయ్య తరఫున ఉంటా" అన్నాను. అన్నానే గానీ రాత్రంతా లెక్కలేసుకుంటూనే ఉన్నా. ఇంతా చేసి నాకు నలుగురు క్లయింట్లు. తోటి లాయర్లు పలకడం మానేస్తే ఇంట్లో కూర్చోవాల్సిందే.

మర్నాడు బెయిలు పిటిషను వేశా. మేజిస్ట్రేటు గారు కళ్ళద్దాల మీదుగా చూసి, "అమ్మా, మీ అసోసియేషన్ తీర్మానం ఉంది కదా?" అన్నారు.

"ఉందండి, సోదరులకి. నన్ను అందులో రాయలేదు" అన్నా.

ఆయన ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. బెయిలిచ్చారు. వాన రాకముందే నాగయ్య కల్లానికి చేరాడు.

అప్పుడు పెట్టారమ్మా మీటింగు. ప్రెసిడెంటు గారు నన్ను నిలబెట్టి, "మీరు మన లాయర్ల కుటుంబానికి ద్రోహం చేశారు" అన్నాడు. అంతకుముందు ఆ కుటుంబంలో నాకో కుర్చీ వేసినోడు లేడు! నా నోరు ఊరుకుంటుందా? "ముద్దాయికి లాయరు దొరక్కుండా చెయ్యటానికా మనం సంఘం పెట్టుకుంది? అట్టాగైతే బోర్డు మార్చండి, క్యారమ్స్ క్లబ్ అని రాయండి" అన్నా. ఒకటే గోల. తీసెయ్యండి, తీసెయ్యండి అని.

ఆ గోలలో సాంబశివరావు గారు లేచాడు, చేతికి కట్టుతో. "ఆవిణ్ణి తీసేస్తే నన్నూ తీసెయ్యండి. ఆ కేసు పిలిచినప్పుడు నేను ఇక్కడే, ఈ బోర్డు ముందే కూర్చున్నా" అన్నాడు. ఆ బోర్డు సందుల్లో ఇంకా గింజలున్నట్టున్నాయి, ఎవరో తుమ్మారు. ఇక నవ్వు ఆగలేదు ఒక్కళ్ళకీ. అప్పుడే పకోడీలొచ్చాయి.

అయినా నాలుగు నెలలు సగం మంది నాతో మాట్లాడలేదులే. అదీ చెప్పాలి. కానీ నాగయ్య కేసు తిరిగి తెరిపించే పిటిషను సాంబశివరావు గారే వేశాడు, ఎడమచేత్తో సంతకం పెట్టి. రెండేళ్ళకి కొట్టువాడి చేత నష్టపరిహారం కట్టించాడు కూడా. సగమే వచ్చింది, అది వేరే సంగతి.

నాగయ్య మీది కేసు లోక్ అదాలత్‌లో రాజీకొచ్చింది. జడ్జిగారు, "క్షమాపణ చెప్పవయ్యా" అన్నారు. నాగయ్య తువ్వాలు చంకలో పెట్టుకుని, "తుమ్మినోళ్ళందరికీ చెప్తానండి. ఈయనకి మాత్రం, ఈయన చెప్పినాక చెప్తా" అన్నాడు.

సాంబశివరావు గారు అంత పెద్ద గొంతున్న మనిషా, వినపడీ వినపడకుండా, "తప్పు నాదే నాగయ్యా. నీతో అబద్ధాలు చెప్పా" అన్నాడు.

నా ముప్పై ఏళ్ళ ప్రాక్టీసు మొత్తంలో ఒక లాయరు క్లయింటుతో ఆ మాట అనగా విన్నది ఆ ఒక్కసారే. నాగయ్య వంగి కాళ్ళు పట్టుకోబోతే ఈయన ఆ విరిగి అతికిన చేత్తోనే పైకి లేపాడు. నాకు ఏడుపొచ్చింది. దుమ్ము పడిందన్నాలే అందరితో.

నువ్వూ తప్పులు చేస్తావు తల్లీ, చెయ్యకుండా ఉండలేవు. చేసిన రోజున నోరు పెగిలేటట్టు చూడమని నేను రోజూ ప్రార్థన చేస్తున్నాగా, పెగులుతుందిలే. చల్లగా ఉండు. ఆ, ఇక ఆపెయ్యి దాన్ని, బ్యాటరీ అయిపోతుందేమో...