మా నాయిన పేరు మీద బియ్యం

“తాతా, నిన్న ఆ ముసలామె ఛాయ్ తాగకుండనే లేషి పోయింది. ఎవరామె? ఎందుకంత కోపానికొచ్చినవ్?”

రికార్డు పెట్టినవా? పెట్టుకో. ముందుగాల ఆ ఫ్యాను జర తక్కువ జెయ్యి, నా మాట నాకే ఇనవడ్తలేదు. ఆఁ, ఇట్ల కూసో.

కోపం గాదు బిడ్డా. సరే, కోపమే అనుకో. ఎనబై ఆరేండ్లొచ్చినయ్, ఇగ నాకు కోపం లేదంటే ఎవలు నమ్ముతరు? మీ నాయినమ్మ అననే అంటుండె, “ఈయన తిన్న అన్నం మర్సిపోతడు గని తిట్టినోన్ని మర్సిపోడు” అని. ఆమె అన్నది అబద్ధమేం గాదు.

ఆమె పేరు బాలమణి. పెద్ద అంబర్‌పేట కెల్లి కొడుకు బండి మీద ఒచ్చింది. ఆ మోకాళ్ళ నొప్పులతోని, ఎల్బీ నగర్ కాడ గంత ట్రాఫిక్కుల, ఎనక కూసోని ఒచ్చుడంటే మాటలా? బుచ్చయ్య బిడ్డ. బుచ్చయ్య అంటే మా నాయిన తోని యుద్ధానికి పోయినోడు. నువ్వు కాలేజీల సదివినవ్ సూడు, జర్మనీ, జపాను, గదే. మీ నాయిన సదువుకునేటప్పుడు ఓసారి అడిగిన, ఏందిరా, నీ పుస్తకంల గాడిదెల సంగతేమన్న రాసిండ్రా అని. నవ్విండు వాడు. నవ్వేదేమున్నది అండ్ల? మా నాయిన తుపాకి ముట్టలే. కంచర గాడిదెలు తోలిండు. గుట్టలెక్కాలంటే మోటర్లు పోవు, వాటి మీదనే బియ్యం, మందుగుండు అన్నీ. బర్మా దిక్కు.

అప్పట్ల ఈ దిల్‌సుఖ్‌నగర్ ఏడున్నది? సరూర్‌నగర్ చెరువు కింద మాకు మడి ఉండె. ఇప్పుడు ఆ మడిల నాలుగంతస్తుల హాస్టలు లేషింది, పోరగాండ్లు బాల్కనీల నిలవడి బ్రష్ చేస్తుంటరు. యుద్ధం మొదలైనంక, పండినదాంట్లకెల్లి లెవీ అని సర్కారోళ్ళు కొలుసుకపోయెటోళ్ళు. గుడ్డకు చిట్టీ, గాసునూనెకు చిట్టీ. దీపంల నూనె లేక పొద్దుగూకక ముందే తినెటోళ్ళం. గప్పుడే పటేలొచ్చి, పశువులెరిగిన మనిషి గావాల్నంట, జీతమిస్తరంట, బూట్లిస్తరంట అన్నడు. మా నాయినకు ఎడ్లంటే పాణం. ఎసొంటి మొండి ఎద్దైనా ఆయన చెయ్యేస్తే నిలవడేదంట. పోయిండు. లచ్చయ్య ఆయన పేరు. నీకు ఎర్కనేనా? లేదు గదా. ఈ ఇంట్ల ఆ పేరు ఎవలం తియ్యం.

నాకు నాలుగేండ్లుంటయో లేవో. ఎత్తుకుంటే మెడ కాడ ఎండుగడ్డి వాసనొచ్చేది, గంతే యాదికున్నది. మొకం యాదికి లేదు. రెండు జాబులొచ్చినయ్, ఎవలతోనో రాయించినయ్. బడి సారు సదివి చెప్పిండు. రెండిట్ల గూడ మా కర్రెద్దు ఎట్లున్నదని అడిగిండు. మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి, నర్సమ్మ, ఆ జాబులకు అలిగింది. “ఎద్దునడిగిండు గని నన్నడగలే” అని రెండు రోజులు ఎవ్వలతోని మాట్లాడలే.

ఇగ జాబులు ఆగినయ్. సర్కారు కాయితమొచ్చింది. పటేలు సదివిండు, లచ్చయ్య కనిపిస్తలేడని. సచ్చిండా అని అడిగితే, సచ్చిండని లేదు, కనిపిస్తలేడని ఉన్నదన్నడు. మా అవ్వ, “కనిపిస్తలేకుంటే ఎతుకుండ్రి. నాకెందుకు చెప్తరు?” అన్నది. ఏడ్వలే. తర్వాత ఇంకో కాయితమొచ్చింది, సచ్చినట్టు ఒప్పుకోని ఏలుముద్ర ఏస్తే పింఛను వస్తదని. మా అవ్వ చెయ్యి కొంగుల దాసుకున్నది.

యుద్ధం ఒడిసినంక బుచ్చయ్య ఒచ్చిండు.

గిది జర జాగ్రత్తగ ఇను. నాకు ఎనిమిదేండ్లు, అన్నీ ఎరుకైతున్నయ్. వాకిట్ల గద్దె మీద కూసున్నడు, ఎముకల గూడు లెక్క. మంచినీళ్ళిస్తే ముట్టలే. చెప్పిండు. జపానోళ్ళు మీద పడ్డరంట, తెల్లదొరలు మోటర్లల్ల పోయిండ్రంట, వీళ్ళు అడివి పొంటి నడుసుకుంట ఒచ్చిండ్రంట, దినాలకు దినాలు. వాన. మా నాయినకు కడుపుల నెత్తురు పడ్డది. బుచ్చయ్య రెండు దినాలు ఈపు మీద మోసిండు. మూడో దినం చాతగాలే. ఒక రాయికి ఒరిగించి కూసవెట్టిండు.

ఇగ, ఎవ్వలైనా ఏమంటరు చెప్పు? “నువ్వన్న పో, బతుకు అన్నడు నీ పెనిమిటి” అంటరు. అంటే అయిపోతుండె. బుచ్చయ్య అనలే. “వదినే, పొమ్మనలే ఆయన. నా అంగీ పట్టుకున్నడు. ఏళ్ళు ఇడిపించుకోని ఒచ్చిన” అన్నడు.

మా అవ్వ, “నువ్వొచ్చేటప్పుడు ఊపిరున్నదా?” అన్నది.

“ఉన్నది.”

“అయితే పో.”

ఆయన పోయినంక లోపలికి పోయి, మొకం కడుక్కోని, బొట్టు పెట్టుకోనొచ్చింది. పొద్దుగాల పెట్టుకున్నదాని మీద మల్ల పెట్టుకున్నది. ఎంత పెద్దగ పెట్టుకున్నదంటే... సరే తియ్యి.

పన్నెండేండ్లయినంక కులపోళ్ళు ఒచ్చి కూసున్నరు. గడ్డి బొమ్మ జేసి కాల్చి దినాలు చెయ్యుండ్రి, ఇట్ల ఎన్నేండ్లు అని. మా అవ్వ ఒప్పుకోలే. “ఊపిరున్నదని సూసినోడు చెప్పిండు. పోయిందని సూసినోన్ని తీస్కరాండ్రి” అన్నది. బతుకమ్మ కాడికి పోతే ఆమెకు పసుపియ్యాల్నా వద్దా అని ఆడోళ్ళు ఒకల మొకం ఒకలు సూసుకునెటోళ్ళు. ముండమోపి గాదు, ముత్తైదువ గాదు. యుద్ధమయిపోయిందని పట్నంల లైట్లు పెట్టిండ్రంట. మా ఇంట్ల అది అయిపోలే.

ఆమె పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నది. “కొడుకా, సచ్చిన పెద్దలకిచ్చినట్టు పెత్రమాసకు ఆయన పేరు మీద బియ్యమియ్యకు. నీ చేతులతోని ఆయన్ను సంపకు” అన్నది. మాటిచ్చిన. పసుపు కుంకుమతోనే సాగదోలిన. ఒక్కడు నోరిప్పితే ఒట్టు, నేను సూసిన సూపుకు.

అందుకే బిడ్డా. ఏటేటా పెత్రమాసకు చైతన్యపురి కెల్లి అయ్యగారు స్కూటరు మీద ఒస్తడు గదా, గంటల పదిండ్లు తిరగాలె ఆయన. తాత పేరు, ముత్తాత పేరు, మా అవ్వ పేరు, గడగడ సదువుతడు. తండ్రి పేరు అంటడు. ముంగటికి పో అయ్యా, అంట నేను. పాపం, కొత్తల ఒకసారి ఎందుకని అడిగిండు. మల్ల అడగలే.

బుచ్చయ్యనా? బుచ్చయ్యను ఇడిచిపెడ్తనా? ఒకసారి ఎవలిదో పెండ్లిల బంతిల కూసున్న, ఆకుల పప్పేసిండ్రు, ఎదురుంగ ఆయనొచ్చి కూసున్నడు. అన్నం ముంగటికెల్లి లేషిన. అందరు సూసిండ్రు. ఆయన తల ఎత్తలే. పోయిండని కబురొచ్చినప్పుడు గూడ పోలే. మీ నాయినమ్మ పొమ్మన్నది, మనిషి పోయినంక పగేందని. నేను పోలే.

నిన్న ఆ బాలమణి ఏం చెప్పిందనుకున్నవ్? “మా నాయిన పెత్రమాసకు ముందుగాల మీ నాయిన పేరే తీస్తుండె. తర్వాతనే మా తాతలయి. బతికినన్నేండ్లు ఇచ్చిండు. ఆయన పోయినంక, అన్నదమ్ములు లేరు గనుక నేనిస్తున్న. మీ ఇంటోని పేరు దొంగల లెక్క ఎన్నేండ్లు తీస్కుంటం? అడుగుదామని ఒచ్చిన” అన్నది.

నాకు నెత్తిల మంట లేషింది. మా నాయినను సచ్చినోల్లల్ల కలుపుటానికి మీరెవలు అన్న. ఇడిచిపెట్టొచ్చినోడు బియ్యమిస్తే కడుపు నిండుతదా అన్న. ఇనవడే ఉంటది నీకు, వాడకట్టంత ఇన్నది. ఆమె ఏం ఎదురు తిరగలే. లేషి, గేటు కాడ చెప్పులేసుకుంట, “వద్దంటే బంద్ చేస్త. గని వద్దని నీ నోటితోని చెప్పు” అన్నది.

నేను చెప్పలేకపోయిన.

రాత్రి అన్నం పోలే. పెత్రమాస ఎల్లుండే. నేను వద్దంటే ఇగ మా నాయినకు ఎవలు లేరు. ఇస్తనంటే మా అవ్వకిచ్చిన మాట పాయె. గదే తిప్పుకుంట కూసున్న. ఇంకో మాట చెప్త, మీ నాయినకు చెప్పకు. ప్రతి పెత్రమాసకు గారెలు, పాయసం అన్నీ చేస్తరు గదా, నాకు ముద్ద దిగదు. అందరికి పెట్టి కన్నతండ్రిని ఉపాసముంచిన అనుకునేటోన్ని. తిన్నట్టు చేసి లేషేటోన్ని. మరి ఇన్నేండ్లు ఆయన ఉపాసం లేడు. పెద్ద అంబర్‌పేటల ఆయనకు ముందుగాల ఇస్తుండ్రు. నేను బంతిల కెల్లి లేషిపోయిన ఏడు గూడ ఇచ్చిండు బుచ్చయ్య.

ఆయన ఒక్క అబద్ధమాడితే అయిపోతుండె బిడ్డా. నా ఒళ్ళనే పాణమిడిసిండు అంటే, మా అవ్వ పదకొండు దినాలు ఏడ్చి ఊకునేది. మేము గూడ ఆయన్ను సుట్టం లెక్క సూసుకునేటోళ్ళం. నిజం చెప్పిండని పగ పట్టిన. గుట్టలల్లకు తోల్కపోయినోళ్ళను, మోటర్లల్ల ఎల్లిపోయినోళ్ళను నేనొక్కనాడు తిట్టలే సూడు. వాళ్ళు నా వాకిట్లకు రాలే గదా. ఒచ్చినోడు ఒక్కడే. ఎముకలు తేలి, రెండు దినాలు మోసినోడు. దొరికినోడాయనే, తిట్టినోన్ని నేనే.

తప్పయింది అననా? అనరాదు నాకు. ఎన్నడు అన్లే, ఇప్పుడు నోరు తిరగదు.

ఇట్ల జెయ్యి. ఆమె కొడుకు నంబరు నిన్న మీ అమ్మ రాసుకున్నది. ఫోన్ చేసి ఆమెకియ్యమను. తాత వద్దంటలేడని చెప్పు. ముందు లెక్కనే ఇయ్యమను. నా చేతులతోని నేనియ్య, మా అవ్వ మాట అట్లనే ఉంటది. ఆమె చేతుల మీదుగ మా నాయిన తింటడు. ఇంకోటడుగు. బుచ్చయ్య తండ్రి పేరేంది, గోత్రమేంది, అడిగి మంచిగ రాసుకో. నాకు సంతకం తప్ప రాయరాదు, నీకెర్కనే. ఎల్లుండి అయ్యగారొచ్చినప్పుడు ఆ కాయితం సదువు. ఈ ఇంట్ల బుచ్చయ్యకు బియ్యం నేనిస్త. సోనా మసూరియే తెప్పియ్యి, రేషన్‌వి గాదు. గుమ్మడికాయ ముక్క గూడ పెద్దది పెట్టమను మీ అమ్మను, ఆమె పిసినారి.

అయ్యగారు వీళ్ళు మీకేమైతరని అడుగుతడు. అడిగితే... ఏమని చెప్పాల్నో మరి. మోసినోడని చెప్పు.

ఎందుకేడుస్తవ్? పిచ్చిదానా. ఇటు రా, తల వంచు. సల్లగుండు బిడ్డా. నూరేండ్లుండు. ఇంటికొచ్చినోల్లు ఎసొంటి మాట మోసుకొచ్చినా సరే, నీళ్ళు తాగిందాంక నిలవెట్టుకో. నా లెక్క గాకు. జల్ది చెయ్యి ఫోను, ఆమె పండుకుంటదేమో మల్ల... మోగుతున్నదా?