దిగేటప్పటి మెట్లు

తార్నాక, యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక ప్రాక్టీసు గది. కీబోర్డు ముందు ప్రేమ్ కుమార్ స్నేహితురాలు భూమిక. పక్కన స్కూల్ టీచర్ రాహేలు, నెల కింద చనిపోయిన ప్రేమ్ కుమార్ తల్లి.

“ఆపు. మళ్ళీ తెల్ల మెట్ల మీదికే దిగినవు.”

“ప్రేమ్ గట్లనే రాసిండు, ఆంటీ.”

“కాగితం మీద ఎర్ర ఇంకు కనబడతలేదా? ఎక్కేటప్పుడు రెండు నల్ల మెట్లు. దిగేటప్పుడు గూడ అవే. దిద్ది ఉన్నది కదా.”

“దిద్దినోళ్ళకు మైనర్ స్కేల్ రాదు.”

“మాట జాగ్రత్త.”

“సారీ. కానీ గిట్ల వాయిస్తే వాడి పాట కాదు.”

“ఆదివారం జ్ఞాపకార్థ కూడికకు చర్చి సంఘమంతా వస్తది. నా కొడుకు పాటల తప్పు వినబడొద్దు.”

“తప్పు కాదాంటీ! వినండి. మైనర్ స్కేల్, అంటే ఈ స్వరాల వరుస, మూడు తీర్లు. నేచురల్ అంటే, ఈ స్కేల్ల అన్నీ తెల్ల మెట్లే. హార్మోనిక్‌ల ఏడో స్వరం ఒక్కటే నల్లది, ఎక్కినా, దిగినా…”

“నేనూ అదే అంటున్న. ఎక్కినా, దిగినా ఒక్కటే ఉండాలె.”

“ఇది మూడోది. మెలోడిక్. ఎక్కేటప్పుడు ఆరు, ఏడు రెండూ నల్లవి. దిగేటప్పుడు రెండూ తెల్లవి.”

“ఎక్కే దారి ఒకటి, దిగే దారి ఒకటా?”

“మన రాగాలల్ల లేదా? ఆరోహణ వేరే, అవరోహణ వేరే.”

“మరి… దిగేటప్పుడు నల్లవి పెట్టుడు వాడు మర్చిపోలేదా?”

“లేదు. కావాలనే రాసిండు. ఎవరు దిద్దిండ్రు, చర్చిల మాస్టరా? వైట్నర్ పెట్టి తీసేస్త.”

“ఉండు.”

“ఎవరాంటీ?”

“సండే స్కూల్ల పదేండ్లు హార్మోనియం వాయించిన. నాకు తెల్వదా అనుకున్న.”

“ఆంటీ…”

“ఆ రోజు పరీక్ష పేపర్లు దిద్దుతున్న. చేతిల ఎర్ర పెన్నే ఉండె. ‘చూడమ్మా’ అని కాగితం పెట్టిండు. దిద్ది ఇచ్చిన. మడిచి బ్యాగుల పెట్టుకున్నడు. మొన్న ఆ బ్యాగుల్నే దొరికింది.”

“పోనీండి, ఆంటీ.”

“వైట్నర్ ఇటియ్యి. నేనే తీసేస్త.”

“ఆగండాగండి. వెనకాల పెన్సిల్‌తోని ఏందో రాసి ఉన్నది.”

“కండ్లద్దాలు తేలే. చదువు.”

“నాకే రాసిండు, ఆంటీ.”

“చదువు బిడ్డా.”

“‘భూమికా, ఇది అమ్మ బర్త్‌డేకి. ఎర్ర ఇంకు ముట్టకు. అమ్మ దిద్దినట్టే వాయించు.’”