కట్టిన చెయ్యే విప్పాలి

అయ్యలారా, అమ్మలారా, ప్లాంటు టౌన్‌షిప్ సెక్టార్లన్నీ దాటుకుని వచ్చిన పిల్లలారా! బయాలజీ టీచరు గౌరీదేవి గారు మనల్ని వదిలి పదకొండు రోజులైంది. హాలు చాలక వరండాలోనూ నిలబడ్డారు. నేను గురునాథరావుని. అదే బళ్ళో, పక్క సెక్షన్‌కి, అదే బయాలజీ ఇరవై రెండేళ్ళు చెప్పినవాణ్ణి. నేను పోతే ఇందులో సగం మందైనా వస్తారా? రారు. ఇందాకటి నుంచీ నా కడుపు మండుతోంది. సంతాప సభలో అనకూడని మాటే. అన్నాను.

దెబ్బ తగిలితే వాచింది మళ్ళీ ఎలా తగ్గుతుందని ఒకసారి రెండు సెక్షన్ల పిల్లలూ అడిగారు. ఎన్ఎఫ్‌కెబిఐఎ అనే జన్యువు ఉంది. అది తయారుచేసే ప్రోటీను, జన్యువులను పనిలోకి దించే ఇంకో ప్రోటీనుని పట్టుకుని కేంద్రకంలోకి పోనివ్వదు. నేను బోర్డంతా అక్షరాలతో నింపాను. పిల్లలు ఆవలించారు. మరి ఆవిడేం చేశారు? ప్లాంటులో పనిచేసే తమ్ముడు సతీష్‌కుమార్‌ని అడిగి ఎర్ర ట్యాగు తెచ్చి, క్లాసులో స్విచ్చికి కట్టారు. “మీ నాన్న మెషీన్లోకి దిగేముందు ఇది కడతాడు కదర్రా? ఇదున్నంతసేపూ ఎవడూ స్విచ్చి వెయ్యడు. మన ఒంట్లో ఆ ట్యాగు చేసేది ఈ జన్యువే. దెబ్బ తగిలితే ట్యాగు ఊడతాది, వాపొస్తాది, రిపేరు మొదలవతాది. పని సాగుతుండగానే కొత్త ట్యాగు తయారవతాది. అందుకే వాపు ఆగతాది” అన్నారు. ఒక్కరైనా ఆవలించారా? మీరే చెప్పండి.

మా నాన్న ముప్పయ్యేళ్ళు కట్టాడండీ ఆ ట్యాగు! నాకెందుకు తట్టలేదు?

నా కూతురు అపర్ణ, నా సొంత కూతురు, నా సెక్షన్ మాని ఆవిడ క్లాసులో కూర్చుంది. ఇంటికొచ్చి అన్నం తింటూ నాకే ఆ పాఠం చెప్పింది. “సమఝ్ మే ఆయా, పప్పా?” అని అడిగింది. అర్థమైంది. చెయ్యి కడుక్కుని లేచిపోయాను.

రిటైరైన రోజు ఆవిడ నా దగ్గరకొచ్చారు. “మాస్టారూ, అందరూ ఏటేటో అన్నారు. మీరొక్కరే ఏటీ అన్లేదు. ఆ ట్యాగు పాఠం ఎలాగుందండీ?” అన్నారు. ఇన్నేళ్ళలో నన్ను అడిగింది అదొక్కటే. నేనేమన్నాను? “అది సిలబస్‌లో లేదు కదమ్మా” అన్నాను. ఆవిడ నవ్వి, దండం పెట్టి వెళ్ళిపోయారు.

ప్లాంటువాళ్ళకు తెలుసు, ట్యాగు కట్టిన చెయ్యే విప్పాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా ముట్టుకోకూడదు. నా నోటికి నేనే కట్టుకున్నాను. ఇవాళ విప్పుతున్నాను, వినాల్సిన మనిషి లేకుండా. గౌరీదేవి గారూ, ఆ పాఠం బాగుంది. నాకంటే బాగా చెప్పారు. నాకు ఇప్పటికీ అసూయగానే ఉంది.

ఇక అందరూ లేవండమ్మా. ఆవిడ కోసం రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. ఆవిడ ముందు మౌనంగా ఉండటం నాకు అలవాటే.