గంగుబాయి కుట్టిన అంచు

హలో… హలో… ఆ, నేనే మున్షీ సాబ్, నేనే. బోథ్ పోస్టాఫీసు కెళ్లి మాట్లాడుతున్న. గ్రామసేవికను, కమలను. మీ మిల్లుల పనిచేసే అంబదాస్ వాళ్లవ్వను జర పిలిపియ్యమని పొద్దుగాల చెప్పిన గద…

వచ్చిందా? ఆడనే కూసున్నదా?… ఇయ్యుండ్రి, ఇయ్యుండ్రి. మీ జిన్నింగు మిల్లు చప్పుడు గీడిదాంక ఇనొస్తుంది. జర తలుపు దగ్గరికెయ్యుండ్రి, పున్నెముంటది.

…

అవ్వా?… గంగుబాయవ్వా?…

అట్ల కాదు, తిరగేసి పట్టుకున్నట్టున్నవ్. తీగ ఉన్న దిక్కు నోటికి. పై దిక్కు చెవికి…

ఆ. ఇప్పుడు ఇనవడ్తుంది. నేను అవ్వా… కమలను.

…

ఫోను పెట్టకు! అవ్వా, పెట్టకు. మూడే నిమిషాలు ఇస్తరు. గా మూడు నిమిషాలు ఇను, తర్వాత నీ ఇష్టం.

…

మంచిగున్నవా?… ఆ. నిజమే. గా మాట అడిగే మొఖం నాకు లేదు.

నువ్వు కొడుకు దగ్గరికి భైంసా పోయినవని మీ పక్కింటి భూమవ్వ చెప్పింది. రెండు వారాలాయె. రోజూ నీ ఇంటి ముందట్నించే పోత. తాళం చూసి తల దించుకొని పోత.

…

ఎందుకంటే… బొంత గురించే. నుమాయిష్ల ఇనాం వచ్చిన బొంత. నీ గోధడి.

ఆ… నీదే. ఎవలు కాదన్నరు? పాత చీరె ముక్కలు నీయి. సూది నీది. అంచు పట్టీ నాలుగు దిక్కులల్ల మూడు దిక్కులు నువ్వే కుట్టినవ్. నేను కుట్టింది ఒక్క దిక్కు… అది గూడ నువ్వు ఇప్పి మల్ల కుట్టినవ్. ఎరుకే. నాకెరుకే అవ్వా.

…

మరి నేనే నేర్పిన అని ఎందుకన్న… ఏం చెప్పాలె…

కలెక్టర్ సాబ్ భార్య గా అంచు మీద వేలు పెట్టి తడిమింది. మూలలు ఇంత సాఫ్‌గ ఎవలు తిప్పిండ్రని అడిగింది. నోట్ల నీ పేరే ఉండె, దేవుని తోడు. గని నా వెనక మా పెద్దసారు నిలవడ్డడు. ఊరి ఆడోళ్లకు కుట్టుడు నేర్పుమని సర్కారు నన్ను పంపె. ఊరామెనే నాకు నేర్పిందంటే సారు ఏమనుకుంటడో అని… నేనే నేర్పిన అమ్మగారూ, అన్న. చప్పట్లు కొట్టిండ్రు. నా మెడల దండేసి, ఇనాం బిందె చేతికిచ్చి ఫోటు తీసిండ్రు.

…

లే… లే అవ్వా. నువ్వు ఆడ ఉన్నవని నాకు తెల్వదు. గంత మందిల ఎట్ల కనవడ్తవ్? నిన్ను చూడలే.

…

చూడలే అంటున్న గద.

…

ఇప్పుడా? ఇప్పుడేమైందంటే… కాయిదం వచ్చింది. పది ఊర్ల గ్రామసేవికలు సోమవారం మన ఊరికొస్తుండ్రట. బొంతకు అంచు ఎట్ల కుట్టాలెనో నేను వాళ్లకు చూపియ్యాల్నట. నాకు రాదు అవ్వా. ఐదు దినాల సంది కుట్టుడు, ఇప్పుడు, కుట్టుడు, ఇప్పుడు. పట్టీ నువ్వు చెప్పినట్టే ఐమూలగ కత్తిరించిన. సీదా దిక్కు మంచిగనే వస్తది. మూల కాడికి రాంగనే మొత్తం పోతది. ఎండిన తమలపాకు తీర్గ ముడుచుకపోతది. వేళ్లన్ని సూది పోట్లే…

…

ఏందీ?…

ఆ… సోమవారం కోసమే ఫోన్ చేసిన.

నీతోని అబద్ధం ఆడను. రెండు వారాల సంది సిగ్గు ఉండె, గని సిగ్గు నన్ను ఈడిదాంక తీసుకరాలే. గా కాయిదం రాకపోతే నేను ఈ ఫోను ముట్టేదాన్ని కాదు. భయానికి వచ్చిన. ఏమన్నా అను. తిట్టు. నువ్వు తిడితే జర పానం అల్కగైతది.

…

తిట్టవా…

ఆ, చెప్పు. ఇంటున్న.

ఊఁ… డేరా కాడ… పెద్ద కట్టె పక్కన నిలవడ్డవ్… ఊఁ. భూమవ్వ దేవునికి పెట్టే బుక్క గుండ కొననీకి పోయింది… నువ్వొక్కదానివే ఉన్నవ్… ఊఁ… అందరు చప్పట్లు కొడ్తున్నరని నువ్వు గూడ కొట్టినవా?

ఎందుకట్ల అంటవ్ అవ్వా? నువ్వు కొట్టలే. అందరు కొట్టిండ్రు గని నువ్వు చేతులు రెండు కొంగుల సుట్టుకొని అట్లనే—

…

…

అవ్వా.

చూసిన.

ఆ. చూసిన. నువ్వు కట్టె పక్కన నిలవడుడు చూసిన. నీ దిక్కు చూసుకుంటనే అన్న గా మాట. నువ్వు ముందటికొచ్చి ఏమనవని ఎరుకే నాకు. నీ వాకిట్ల మూడు పగటిపూటలు కూసున్న గద, నీ గుణం ఎరుకే. ఆ ధైర్యంతోనే అన్న. ఇప్పటిదాంక ఎవలకు చెప్పలే. మా బాపుకు గూడ… మెట్‌పల్లి నుంచి ఫోటు చూద్దామని వచ్చిండు. మగ్గం ఆపుకొని వచ్చిండు. చేతి పని తెలిసినోడు గద, అంచు అటిటు తిప్పి చూసి, నా బిడ్డ చెయ్యి గింత మంచిగ తిరిగిందా అన్నడు. ఊకున్న. గప్పుడన్నా చెప్పాలె గద. ఊకున్న అవ్వా.

…

ఆ, పోస్టుమాస్టర్ సాబ్?… అయిపోయినయా? ఇంకో మూడు నిమిషాలు ఇయ్యుమనుండ్రి. మీకు దండం పెడ్త, కట్ చెయ్యకుండ్రి.

అవ్వా, ఉన్నవా?… ఉన్నవ్.

…

ఈడ ఎవలున్నరా? పోస్టుమాస్టర్ సాబ్ ఉన్నడు. పోస్టుకారటు కోసం వచ్చినోళ్లు ఇద్దరు ముగ్గురున్నరు. బడి పంతులు ఉన్నడు. భూమవ్వ గూడ నాతోని బస్సుల వచ్చింది, నీ గొంతు ఇందామని. ఎందుకు?

…

ఇప్పుడా? ఈడనా?… అందరి ముందట?

…

ఊరికి పోయినంక మహిళా మండలిల చెప్త అవ్వా, నీ మీద ఒట్టు. సోమవారం గూడ…

…

ఆ. నిజమే. నుమాయిష్ల అన్నప్పుడు ఊరికి పోయేదాంక ఆగలే నేను.

సరే. ఇను. ఫోను అటు తిప్పి పట్టుకుంట.

భూమవ్వా… ఇటు రా జర. సార్, మీరు గూడ ఇనుండ్రి. పంతులూ… జర ఆగుండ్రి, ఒక్క మాట. నేను… నుమాయిష్ల ఇనాం వచ్చిన బొంత ఉన్నది గద. నా ఫోటు పంచాయితీ ఆఫీసుల గోడకు పెట్టిండ్రు గద. గా బొంత నాది కాదు. గంగుబాయి కుట్టింది. అంచు, మూలలు, అన్ని ఆమెయే. నేను ఎవలకు నేర్పలే. ఆమెనే నాకు నేర్పింది, నాకు ఇంక రాలే. ఆమె ఎదురుంగ నిలవడ్డా నేనే చేసిన అని అబద్ధం ఆడిన. గందుకే ఆమె ఊరిడిచి పోయింది.

నన్నట్ల చూడకు భూమవ్వా…

హలో. అవ్వా. ఇన్నవా?

…

అన్ని ఇన్నవా? ఆ…

…

సోమవారం రావా? రావు. సరే. రమ్మని నేనెట్ల అంట? బిందె పంపనా, ఇనాం బిందె? భూమవ్వ తెస్తనంటుంది… వద్దా. నీకక్కర లేదా. సరే, మండలిలనే పెడ్త, నీ పేరు చెప్పి పెడ్త.

వాళ్లకు ఏం చెప్పాలె మరి?… గిదే? గీడ చెప్పినట్టే చెప్పాల్నా?… చెప్త. పెద్దసారు ఉన్నా చెప్త. నౌకరి పోతే పోనీ…

…

ఏంది? పట్టీ?… ఆ, ఒళ్లెనే ఉన్నది. చేతిసంచిల తెచ్చుకున్న. ఎందుకు?…

ఆగు ఆగు. మల్ల చెప్పు.

మూల దాంక కుట్టొద్దా?… ఇంక వేలు మందం ఉండంగనే ఆపాలె… నేను కొసదాంక పోతున్న అవ్వా! గందుకేనా?… ఊఁ. ఆపి, అక్కడ ముడెయ్యాలె… పట్టీని పైకి మడవాలె. అది ఐమూలగ మడత పడ్తది… మల్ల దాని మీదికెళ్లే కిందికి దించాలె. పై మడత అంచుకు సమంగ ఉండాలె… ఆడికెళ్లి మల్ల షురూ.

లే, దారం గట్టిగ గుంజను. గుంజను అవ్వా. నువ్వు మూల కుట్టినప్పుడు నేను నోటుబుక్కుల రాసుకుంట కూసున్న. చెయ్యి చూడు పిల్లా అంటివి. చూడలే నేను.

అవ్వా… ఒక్క మాట. నన్ను మాఫ్ చెయ్య—

…

హలో?

హలో… అవ్వా?

…

ఎవలు? మున్షీ సాబా?… పెట్టి పోయిందా? ఏమన్నా అన్నదా పోయేటప్పుడు?… ఏమనలే. ఆ. సరే సాబ్. ఉంట.

లే భూమవ్వా, మాఫ్ చేస్త అనలే. మూల ఎట్ల తిప్పాలెనో చెప్పింది… జర గా సంచిలకెళ్లి సూది ఇటియ్యి. మర్చిపోకముందే కుట్టి చూస్త.