గౌను హుక్కు

పిల్లల ఐసీయూ తలుపు తీసుకుని డాక్టరమ్మ బయటికి రాగానే, బెంచీ మీదున్న తండ్రి చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి ఎదురెళ్లాడు.

"కూర్చోండి."

"పర్లేదండీ, చెప్పండి. పాపకి జ్వరం నిన్ననే దిగిపోయింది. డెంగీ తగ్గినట్టే కదా?"

"డెంగీలో జ్వరం దిగాకే అసలు గండం. రక్తనాళాల్లోంచి నీరు కారి పొట్టలో చేరింది. పొట్ట ఉబ్బడం మీరు గమనించలేదా?"

"గమనించాం. గౌను హుక్కు పట్టలేదు. 'జ్వరమొచ్చినా నీ బొజ్జ కరగలేదే బొండాం' అని నేనే ఆటపట్టించాను. అదీ నవ్విందండీ."

"లావుగా ఉండే పిల్లల్లో ఆ వాపు పైకి తెలియదు. మీ తప్పు కాదు."

"చేతులు చల్లబడితే ఒళ్లు తేలికపడిందనుకున్నాం. వాళ్లమ్మ దుప్పటి కప్పి పడుకోబెట్టింది."

"ఇప్పుడు గుండె కండరం కూడా వాచింది. డెంగీలో ఇది చాలా అరుదు. ఏ మందుకీ గుండె పుంజుకోవడం లేదు."

"ఇంకో మందు వేయండి! పెద్దాసుపత్రికి పొమ్మంటే ఇప్పుడే భుజాన వేసుకుని పోతాను."

"కదిలిస్తే దారిలోనే..." డాక్టరమ్మ మాట మింగేసింది. "పాప అమ్మగారెక్కడ?"

"కింద మొహం కడుక్కుంటోంది. తను లోపలికొస్తే నేను బయటే ఉంటాను లెండి. ఒక్కరినే రానిస్తామన్నారుగా."

"ఇప్పుడు ఇద్దరూ రండి."

అతను మెట్ల వైపు తిరిగి భార్యను పిలవబోయాడు. పిలవకుండానే, చెప్పుల్లేని కాళ్లతో మెట్లు దిగాడు.