ఓరగా తిప్పిన అద్దం

హాల్లో, గోడ అద్దం ముందు, అమ్మా కూతురూ.

“మీ నాన్న సంగతి నాకు తెలీదా? నీ పుస్తకాలకి అట్టలు వెయ్యమంటే నడుం నొప్పన్న మనిషి, టార్చిలైటు పట్టుకుని నీకు కాంతి పాఠాలు చెబుతున్నారంటే నమ్మమంటావా?”

“నిజంగానే చెప్పారమ్మా. వెలుతురు తిన్నగా పోతుందిట. తనంతట తను పక్కకి తిరగదుట.”

“మీ నాన్న కంటే నయం. ఇంకా?”

“అద్దానికి తగిలితే తిరిగొస్తుంది. బంతిని గోడకి ఏటవాలుగా కొడితే, అంతే ఏటవాలుగా అటుపక్కకి పోతుంది చూడు, అలాగ.”

“సరే. మరి తిన్నగా ఉన్న అద్దాన్ని ఓరగా ఎందుకు తిప్పారు? వెనకాల అట్టముక్క కూడా దోపారు.”

“అదీ... పాఠం కోసం.”

“పాఠం అయిపోయాక తియ్యలేదేం?”

“నాకు తెలీదు.”

“తెలీదన్నప్పుడల్లా నీ చెయ్యి జడ మీదకెందుకు పోతుంది? ఇటు చూడు. నాన్న ఏం చెప్పారు?”

“అమ్మకి చెప్పొద్దన్నారు.”

“ఏది?”

“అది చెప్తే చెప్పేసినట్టే కదమ్మా.”

“బాగా తయారయ్యావు. ఇలా సోఫాలో నా పక్కన కూర్చో. అద్దంలో ఏం కనబడుతోంది?”

“కిటికీ. ఎదురింటి బాల్కనీ. ఆంటీ బట్టలు ఆరేస్తోంది.”

“కొత్తగా దిగిన ఆంటీ. పొద్దున మీ నాన్న పేపరు చదివే వేళకీ ఆరేస్తుంది. నేను వంటింటి గుమ్మంలోంచి తొంగి చూశాగా, ఆయన కళ్ళు పేపర్లో లేవు, అద్దంలో ఉన్నాయి. ఆమధ్య నాకు కళ్ళు తిరిగాయని వంటింట్లోకొచ్చి నిలబడితే, కాపలా కాయడానికి నేనేం ఖైదీనా అని తరిమేశాను. మర్నాటి నుంచీ ఈ అద్దంతోనే కాపురం. పెద్దమ్మకి ఫోన్లో చెప్పేశాను. సూట్‌కేసు సర్దుకుని వచ్చెయ్యమంది.”

“మనిద్దరమూనా?”

“మరి నిన్ను ఆ టార్చిలైటుకి వదిలేస్తానా?”

“అమ్మా, నాన్న సోఫాలో కూర్చోరు కదా.”

“ఎక్కడ కూర్చుంటే ఏం? అద్దం ఒకటేగా.”

“అద్దం ఒకటే. మనం చోటు మారితే ఏటవాలు మారుతుంది, కనబడేదీ మారుతుంది. నాన్న కుర్చీలో కూర్చుని చూడు.”

“ఇదిగో, కూర్చున్నా. బాల్కనీ ఏదీ?”

“ఏం కనబడుతోంది?”

“మన వంటిల్లు. స్టవ్వు. పక్కన నా పీట.”

“ఉండు, నేను స్టవ్వు దగ్గర నిలబడతా. కనబడుతున్నానా?”

“తల నుంచి కాళ్ళ దాకా.”

“నువ్వూ నాకు కనబడుతున్నావు. వెలుతురు వచ్చిన దారినే వెనక్కీ పోతుందిట. నువ్వు ఒక్కసారి తలెత్తి చూసినా నాన్న దొరికిపోయేవారు.”

“స్టవ్వుని చూసుకుంటూ కూర్చోడమేంటి ఆ మనిషి?”

“స్టవ్వుని కాదు.”

“మరి?”

“నిన్ను వంటింట్లో ఒంటరిగా వదలొద్దని డాక్టరు నాన్నతో అన్నాట్ట. నువ్వేమో రానివ్వవు. అందుకని... చెప్పేశాను కదూ? నాన్న తిడతారు.”

“తిట్టరులే. ఆ ఫోన్ ఇలా ఇవ్వు.”

“నాన్నకా?”

“ముందు పెద్దమ్మకి. ...అక్కా, నేనే. రావట్లేదు. ...ఆయనేం బతిమాలలేదు, ఆఫీసులో ఉన్నారు. ...కాదే, తప్పు నాదే. నేనే కూర్చోకూడని చోట కూర్చుని చూశాను.”